దంపుడు బియ్యము - మరబియ్యము

తెలుగువారి యింట "అన్నము తింటిరా?" అని అడిగినచో "భోజనమైనదా?" అని యర్థము. జొన్నసంకటి తిన్నవారును, రాగిముద్ద తిన్నవారును ఆ ప్రశ్నకు "తింటిమి" అనియే బదులు చెప్పుచు వచ్చిరి. ఇంత గౌరవము పొందిన పదార్థము గడచిన నూటయేబది సంవత్సరములలో పేరు మార్చుకొనకయే రూపు మార్చుకొన్నది. మట్టికుండలో ఉడికినదియు అన్నమే, కుక్కరులో ఉడుకుచున్నదియు అన్నమే. కాని మొదటిది తవుడుపొర కొంత మిగిలిన గింజ. రెండవది ఆ పొర పూర్తిగా తొలగిన తెల్లని గింజ. ఈ మార్పు ఇంటి దినచర్యను, ప్రయాణపు మూటను, తుదకు ఉయ్యాలలోని బిడ్డ ఆయుర్దాయమును గూడ ఎట్లు తాకినదో ఈ ప్రసంగములో చెప్పదలచినాము.

వడ్లగింజను దంచినచో మొదట ఊక పోవును. లోపలి గింజపై గోధుమవన్నెదో, కొన్ని రకములకు ఎఱ్ఱనిదో, ఒక పలుచని పొర యుండును. ఒక కొనను చిన్న మొలక యుండును. దంపు సాగినకొలది ఈ పొరయు, మొలకయు పొడియై రాలును. అదియే తవుడు. విఱిగిన గింజలు నూకలు. పాతకాలపు ఇంటిలో వీనిలో ఏదియు వ్యర్థమైనది కాదు. ఊక పొయ్యికి, దాని బూడిద పండ్లు తోముటకు, తవుడు పాడిపశువులకు, నూకలు జావకు, ఉప్మాకు, మిగిలినచో కోళ్ళకు. బియ్యపు కడుగును, గంజిని కుడితితొట్టిలో పోయుచుండిరి. కొన్ని యిండ్లలో ఆ కడుగునే, గంజినే కుండలో పులియనిచ్చి తరవాణి చేసికొని, మరునాటి ఉదయము చద్దియన్నముతో త్రాగుచుండిరి. గింజలోని సారములో నీటిలో కరగిపోవు భాగమును తిరిగి కడుపులోనికి చేర్చుటకు అది మంచి ఉపాయమని వారికి శాస్త్రము చెప్పలేదు. పారబోయుటకు మనసొప్పక చేసిన పని యది.

తవుడుపొర ఉన్న బియ్యమునకు ఒక చిక్కు కలదు. అది నిలువదు. తవుడులో నూనె యుండుటచేత గాలి సోకిన కొన్ని వారములకే ముక్కవాసన పట్టును. పురుగునకును అదియే ప్రీతి. అందుచేత మనవారు ధాన్యమును వడ్లుగానే గాదెలలో, గరిసెలలో, పాతరలలో దాచి, వారమునకో పది దినములకో చాలినంత మాత్రమే దంచుకొనుచుండిరి. ఇంటి పని అంతయు ఈ ఒక్క సంగతిని అనుసరించి నడచెను. తెల్లవారుజామున, ఎండ యెక్కకముందే రోకటిపోటు వినవలెను. ఒక్కరు దంచిన అలసట ఎక్కువ; ఇద్దరు ముగ్గురు ఎదురెదురుగా నిలిచి వరుస తప్పక పోటు వేసిన పని సాగును. వరుస తప్పకుండుటకు పాట కావలెను. దంపుళ్ళపాటలు, తిరగలిపాటలు అట్లు పుట్టినవే. పెండ్లిపనులు నేటికిని రోటికి, రోకలికి పసుపుకుంకుమలు పెట్టి, ముత్తయిదువలచేత పసుపు దంపించుటతోనే మొదలగుచున్నవి. ఇంట ఏ శుభకార్యమైనను రోకలి పట్టిన చేతులమీదుగా రావలెనని ఆ వేడుకకు అర్థము కాబోలు.

ఇదంతయు పాటగా వినబడుటకు కొంత దూరము కావలెను. పదిమంది తిను ఇంటికి కావలసిన వడ్లు దంచుట, చెరుగుట, జల్లించుట అనునది స్త్రీలు గంటలకొలది చేసిన కాయకష్టము. గర్భిణులును దంచిరి, బాలెంతలును దంచిరి. కలిగినవారి ఇండ్లలో ఈ పనిని కూలికి వచ్చిన స్త్రీలు చేయుచుండిరి. వారికి కొలిచి యిచ్చిన బియ్యమో, నూకలో, తవుడో ప్రతిఫలము. భర్త లేని స్త్రీకి, భూమి లేని కుటుంబమునకు దంపుకూలి అనేక సందర్భములలో ఏకైక ఆధారము. కనుక దంపుడుబియ్యమును పొగడునపుడు ఆ రోకలి బరువును మరచుట న్యాయము కాదు. మరను నిందించునపుడు అది ఎవరి భుజములనుండి ఏ బరువు దింపినదో మరచుటయు న్యాయము కాదు.

ఇంకొక మాట. తెలుగునాట అందఱును ప్రతిదినము వరియన్నము తినువారు కారు. తెలంగాణములో జొన్నరొట్టె, రాయలసీమలో జొన్నయు కొఱ్ఱయు, రాగిసంకటి, ఉత్తరాంధ్ర కొండచఱియలలో చోడి అంబలి. వరియన్నము వీరికి పండుగనాటి భోజనము. ఈ ధాన్యములను పొట్టుతోనో, పైపొట్టు మాత్రము తీసియో తిరగలిలో విసరుకొని తినుచుండిరి. పిండి కూడ నిలువదు కావున విసరుటయు ప్రతిదినపు పనియే. తినువారికి ఆకలి తీఱుటలో ఈ భోజనమునకు సాటి లేదు. ఉదయము సంకటిముద్ద తిని పొలము పోయిన మనిషి మధ్యాహ్నము పొద్దు వాలువఱకు మరల ఆకలి యనడు.

ఇక ప్రయాణము. రైలు రాకముందు మనవారు బండ్లమీదనో కాలినడకనో పోవుచుండిరి. దినమునకు పది పండ్రెండు మైళ్ళు సాగిన గొప్ప. అట్టి ప్రయాణమునకు మూట కట్టుకొనునది బియ్యము కాదు, తినుటకు సిద్ధమైనది. మొదటి దినమునకు చద్దిమూట, అనగా పెరుగు కలిపిన అన్నమో పులిహోరయో. తరువాతి దినములకు అటుకులు, పేలాలు, పేలపిండి, బెల్లము. మెట్టప్రాంతముల వారికి జొన్నరొట్టెలు, ఉల్లిపాయ, ఎండుమిరపకారము. కుచేలుడు కృష్ణుని కొఱకు ఉత్తరీయమున ముడివేసికొని పోయినదియు అటుకులేకదా. అటుకులకు వడ్లను నానబెట్టి, వేయించి, ఆ వేడిమీదనే దంచెదరు. నీరును వేడియు తగిలినపుడు తవుడులోని సారము కొంత గింజలోనికి దిగిపోవును. కనుక పైపొర కొంత రాలినను ఆ సారము మిగులును. పథికుని మూటలోనిది ఇంటిలోని అన్నముకంటె తక్కువ భోజనము కాదు.

దూరప్రయాణమునకు ఈ మూట చాలదు. 1830 మే 18వ తేదీని చెన్నపట్టణము విడిచి 1831 సెప్టెంబరు 3వ తేదీకి తిరిగి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను చదివినవారికి ఈ సంగతి తెలియును. సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఆయన పెద్ద పరివారముతో కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశికేగి, గయ, కలకత్తా, జగన్నాథములు చూచికొని తీరము వెంట తిరిగివచ్చెను. ఏ మజిలీలో అంగళ్ళున్నవి, ఏ యూర కావలసిన సామగ్రి దొరకును, ఎచ్చట దొరకదు అనునవి ఆ గ్రంథమున అడుగడుగున కనబడును. ఆ కాలపు బాటసారి తనతో తెచ్చుకొన్నది అయిపోయినపుడు దేశపు పంట ఏదో అదియే తినవలెను. యాత్ర చేయుట యనగా ఊరూరి ధాన్యము తినుట కూడ.

వీరాస్వామయ్యగారు ఉత్తరసర్కారుల మీదుగా తిరిగివచ్చుచున్న ఆ సంవత్సరములలోనే, అదే తీరమున, కుంఫిణీ దండులోని వైద్యులు ఒక వ్యాధిని చూచి తికమకపడుచుండిరి. సిపాయికి మొదట కాళ్ళు తిమ్మిరియెక్కును. పిక్కలు నొప్పిపుట్టి నడక తడబడును. పిదప వాపు, ఆయాసము, గుండెదడ. కొందఱు కొన్ని దినములలోనే చనిపోవుదురు. దీనిని బెరిబెరి యనిరి. మద్రాసు సైన్యపు వైద్యుడు జాన్ మాల్కంసన్ ఈ వ్యాధిని గూర్చి వ్రాసిన గ్రంథము 1835లో మద్రాసులోనే అచ్చయ్యెను. గంజాము మొదలుకొని మచిలీపట్టణము క్రిందివఱకు తీరప్రాంతమున, సముద్రమునకు కొంత దూరములోపలనే, ఇది ఎక్కువగా నున్నదని ఆయన గ్రహించెను. గాలియా, నేలయా, తేమయా, భోజనమా? కారణము మాత్రము ఆయనకు దొరకలేదు.

1835లో మన దేశమున బియ్యపు మరలు లేవు. మరి బెరిబెరి ఎట్లు వచ్చినది? రోకలిది పుణ్యము, మరది పాపము అని చెప్పి ముగించువారికి ఇది ఇబ్బందికరమైన ప్రశ్న. రోకలితో గూడ గింజను తెల్లబఱుపవచ్చును. రెండు మూడు పట్లు దంచిన చాలును. ఇంటిలో దంచుకొను రైతు ఒక్కపట్టుతో ఆపును, అంతకుమించి దంచుటకు ఆతనికి ఓపిక లేదు. కాని అంగడికి పోవు బియ్యము, దండు గిడ్డంగిలో నెలలకొలది నిలువయుండవలసిన బియ్యము, తెల్లగా నుండవలెను. ఊరు విడిచిన సిపాయికి అటువంటి బియ్యమే దొరకెననియు, కూరలు, పప్పు, పాడి అంతగా దొరకలేదనియు మేము తలచుచున్నాము. హిందూస్థానములో సిపాయినే "తిలంగా" అని పిలిచిన కాలము ఉండెను. ఊరినుండి దూరమైన ఆ తిలంగాలకు మొదట దూరమైనది ఇంటి రోలు.

ఈ వ్యాధి మర్మము విడుటకు మఱి రెండు మూడు తరములు పట్టినది. విడినదియు ఎక్కువగా ప్రయాణముల మూలముననే. 1882 చివర జపాను నౌకాదళపు శిక్షణనౌక "ర్యూజో" 376 మందితో బయలుదేరి న్యూజీలాండు, దక్షిణ అమెరికాల మీదుగా 1883లో తిరిగివచ్చునప్పటికి 169 మందికి బెరిబెరి సోకెను. 25 మంది చనిపోయిరి. వారి ప్రధానాహారము తెల్లని బియ్యము. నౌకాదళ వైద్యుడు తకాకి కనెహిరో 1884లో మఱియొక నౌక "త్సుకుబా"ను అదే దారిని పంపించి, బియ్యము తగ్గించి మాంసము, రొట్టె, పాలు, కూరగాయలు పెట్టించెను. ఈసారి కొద్దిమందికే జబ్బు సోకినది, ఒక్కరును చనిపోలేదు. మాంసకృత్తులు చాలకపోవుటయే కారణమని తకాకి నమ్మెను. ఆ నమ్మకము తప్పు, ఆయన పెట్టిన భోజనము ఒప్పు. వైద్యచరిత్రలో ఇట్టివి అరుదు కావు.

అటుపిమ్మట జావాద్వీపమున, బటావియా నగరములో, డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్మన్ ప్రయోగశాలలోని కోళ్ళకు కాళ్ళు చచ్చుపడినవి. కొంతకాలమునకు అవియే బాగైనవి. విచారింపగా, సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లని అన్నము వానికి పెట్టుచుండిరనియు, క్రొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల అన్నమును సైనికులు కాని కోళ్ళకు పెట్టనని నిరాకరించుటచేత వానికి ముడిబియ్యము పెట్టుచుండిరనియు తెలిసెను. ఆ వంటవాని పేరు చరిత్రకెక్కలేదు; ఐక్మనుకు 1929లో నోబెల్ బహుమానము వచ్చినది. 1897లో ఫోర్డర్‌మన్ అను వైద్యాధికారి జావా, మదురా ద్వీపములలోని నూరు చెఱసాలలకు పైగా పరిశీలించి, తెల్లబియ్యము పెట్టుచోట బెరిబెరి మిక్కుటముగాను, ముడిబియ్యము పెట్టుచోట మిక్కిలి అరుదుగాను ఉన్నదని లెక్కలతో చూపెను. మలయాలో విలియం బ్రాడన్ మఱియొక వింత గమనించెను. తగరపు గనులలో సయాము తెల్లబియ్యము తిను చైనా కూలీలు బెరిబెరితో మడియుచుండిరి; దక్షిణభారతమునుండి వెళ్ళిన తమిళ కూలీలకు ఆ జబ్బు దాదాపు లేదు. వారు తినునదియు మరబియ్యమే, కాని ఉప్పుడుబియ్యము.

ఈ ఉప్పుడుబియ్యము సంగతి మనకు ముఖ్యమైనది. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, తరువాత దంచినచో అటుకులవలెనే తవుడులోని సారము కొంత గింజలోపలికి ఇంకిపోవును. పిదప మరలో ఎంత తోమినను అది పూర్తిగా పోదు. తమిళదేశమునను, మలయాళదేశమునను, వంగదేశమునను ఉప్పుడుబియ్యము వాడుక. కోస్తా తెలుగుజిల్లాలలో మాత్రము పచ్చిబియ్యమే ప్రియము. ఉప్పుడుబియ్యపు వాసన మనవారికి గిట్టదు. ఒకమాఱు ఉడికిన గింజ మడికి, నైవేద్యమునకు పనికిరాదని ఆచారమును గలదు. తంజావూరు జిల్లాలో మరలు వచ్చినను బెరిబెరి రాలేదు. కృష్ణా, గోదావరి, విశాఖపట్టణము జిల్లాలలో వచ్చినది. నాలుకకు నచ్చిన రుచి ఒక జిల్లాను కాపాడగా, మఱియొక జిల్లాకు మరణము తెచ్చిన ఉదాహరణ ఇంతకంటె స్పష్టమైనది మేమెరుగము.

మరలు మనకు ఎట్లు వచ్చినవి? ధవళేశ్వరముకడ గోదావరిపై ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తియయ్యెను. బెజవాడకడ కృష్ణపై ఆనకట్ట 1855 నాటికి ముగిసెను. డెల్టాలో వరి విరివియైనది. 19వ శతాబ్దపు చివరి దశకములో తీరము వెంట రైలుమార్గము పడినది. వరి ఎక్కువగా పండుచోట దానిని దూరమునకు పంపుటకు దారి దొరకగానే, నిలువయుండు బియ్యము కావలసివచ్చెను. తెల్లబియ్యము నెలలకొలది నిలుచును, గోనెసంచిలో రైలెక్కును, ఓడయెక్కును. అది ప్రయాణము కొఱకే పుట్టినట్టి బియ్యము. 20వ శతాబ్దపు మొదటి పాదములో డెల్టా ఊళ్ళలో మరలు వరుసగా లేచినవి. రంగూనులో అంతకుముందే పెద్ద మరలున్నవి; ఆ మరలలో బస్తాలు మోసినవారిలో ఎక్కువమంది కోరంగీలని పిలువబడిన మన తీరపు తెలుగు కూలీలే. విశాఖపట్టణము, కాకినాడ రేవులలో ఓడయెక్కి పోయిన ఆ కుటుంబముల శ్రమతో తెల్లబడిన బర్మాబియ్యము మరల మద్రాసు రాజధానికి దిగుమతియై వచ్చుచుండెను. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించుటతో అది ఆగిపోయెను.

మర వచ్చిన ఇంటిలో ఏమి జరిగినదో ఊహించుట కష్టము కాదు. తెల్లవారుజామున రోకటిపోటు లేదు. ఆడువారికి గంటల విశ్రాంతి, లేదా గంటల వేఱుపని. మగవాడు బండిలో వడ్లు వేసికొని పోయి సాయంకాలమునకు నెలబియ్యము తెచ్చును. తవుడు అనేకచోట్ల మరవానికే పోయెను. దంపుకూలి లేక బీదస్త్రీలు వేఱుదారి వెదకుకొనిరి. అన్నము తెల్లగా, మెత్తగా, త్వరగా ఉడికెను. బంధువులు వచ్చినపుడు విస్తరిలో మల్లెపూవువంటి యన్నము పెట్టుట పరువైనది. ఎఱ్ఱని ముడిబియ్యము బీదతనపు గుర్తు అయ్యెను. ఈ పరువు మరకంటె బలమైనదని మా అభిప్రాయము.

దీని మూల్యమును లెక్కకట్టినవారు నీలగిరులలోని కూనూరు శాస్త్రజ్ఞులు. 1918లో రాబర్ట్ మెకారిసన్ అక్కడి పాశ్చరు సంస్థలో ఒక గదిలో బెరిబెరి విచారణ మొదలుపెట్టెను. అది పెరిగి పోషకాహార పరిశోధనాలయమైనది. 1935లో దానికి అధిపతిగా వచ్చిన డబ్ల్యూ.ఆర్. ఎక్రాయిడ్, ఆయనతో పనిచేసిన బి.జి. కృష్ణన్ మొదలగువారు ఉత్తరసర్కారుల బియ్యమును, అక్కడి జబ్బును ఏండ్లతరబడి పరిశీలించిరి. ఇంతలో 1926లో జావాలో యాన్సెన్, డోనత్ అనువారు తవుడునుండి ఆ సారమును స్ఫటికములుగా వేఱుచేసిరి. 1936లో రాబర్ట్ విలియమ్స్ దాని నిర్మాణము తెలిసికొని కృత్రిమముగా తయారుచేసెను. అదియే బి-1 విటమిను, థయమిన్. తరువాతి కాలమున మన దేశపు పోషకాహార పట్టికలలో అచ్చయిన లెక్క యిది: 100 గ్రాముల పచ్చి దంపుడుబియ్యములో థయమిన్ 0.21 మిల్లీగ్రాములు, పచ్చి మరబియ్యములో 0.06, ఉప్పుడు మరబియ్యములో 0.21, అటుకులలో 0.21. తవుడులో 2.70. మరబియ్యమును మూడునాలుగు నీళ్ళు కడిగి, ఎసరులో ఉడికించి, గంజి వార్చినచో ఆ 0.06లోను చాలభాగము నీటిపాలగును.

పెద్దవారికి వచ్చిన బెరిబెరి కంటికి కనబడెను. కనబడనిది మఱియొకటి. 1941లో ఎక్రాయిడ్, కృష్ణన్ ఉత్తరసర్కారుల శిశుమరణములను గూర్చి ప్రకటించిన వ్యాసము చదివినపుడు మనసు కలతపడును. ఈ ప్రాంతమున రెండవనెల మొదలు అయిదవనెల లోపల చనిపోవు శిశువులు అధికముగా నుండిరి. సాధారణముగా పుట్టిన మొదటి దినములు గడచినకొలది శిశువునకు గండము తగ్గవలెను. ఇచ్చట తల్లిపాలు పుష్కలముగా త్రాగుచు బొద్దుగా నున్న బిడ్డయే మూడవనెలలో హఠాత్తుగా గుక్కపట్టి యేడ్చి, నీలిబారి, కొన్ని గంటలలో కన్నుమూయుచుండెను. కొందఱు బిడ్డలకు ముందుగా గొంతు పోవును. నోరు తెఱచి ఏడ్చును కాని శబ్దము రాదు. తల్లి చూచుటకు ఆరోగ్యముగానే యుండును. ఆమె పాలలో థయమిన్ లేదు, అంతే. ఆమె తిన్నది మరబియ్యపు అన్నము. బాలెంత కావున పథ్యము పేర పప్పు, కూర, కొన్ని యిండ్లలో పెరుగు గూడ మాన్పించిరి. బిడ్డకు మేలు చేయవలెనని పెట్టిన పథ్యమది. చనిపోయిన తరువాత దృష్టి తగిలినదనిరి, బాలారిష్టమనిరి, ఆమె పాలు చెడ్డవనిరి. ఒక్క తల్లికే వరుసగా ఇద్దరు ముగ్గురు బిడ్డలు పోయినచో ఆమెను ఇంటిలో ఏమనియుందురో శ్రోతలలో పెద్దవారు ఊహించుకొనగలరు. థయమిన్ సూది సమయమునకు పడిన బిడ్డ కొన్ని గంటలలో తేరుకొని పాలు త్రాగును. ఆ సూది మన పల్లెలకు చేరునప్పటికి ఎన్ని ఉయ్యాలలు ఖాళీయైనవో ఎవ్వరును వ్రాసిపెట్టలేదు.

ఇట్టి స్థితిలో దంపుడుబియ్యము రాజకీయ విషయమైనది. 1934 డిసెంబరులో గాంధీమహాత్ముని ప్రోత్సాహమున అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము వార్ధాలో ఏర్పడెను, జె.సి. కుమారప్ప దాని కార్యదర్శి. దంపుడుబియ్యము, తిరగలిపిండి, గానుగనూనె, బెల్లము వారి ప్రచారములో ముందుండెను. గాంధీజీ "హరిజన్" పత్రికలో తెల్లబియ్యమునకు విరోధముగా వ్రాయుచు, వైద్యుల అభిప్రాయములను సేకరించి ప్రకటించెను. ఆరోగ్యము, గ్రామస్త్రీల జీవనోపాధి రెండును ఒక్క రోకలితో సాధింపవచ్చునని వారి వాదము. స్వాతంత్ర్యానంతరము 1958లో బియ్యపు మరల నియంత్రణ చట్టము వచ్చెను. క్రొత్త మరలకు అనుమతి కావలెను. చేతిదంపు పరిశ్రమ నిలువవలెనని ఉద్దేశము. ఫలితము స్వల్పము. అనుమతి ఉన్నను లేకున్నను ఊరూర మర వెలసెను. చట్టము మరను ఆపవచ్చును గాని తెల్లని యన్నముమీది మోజును ఆపలేదు. రోకలి దింపిన స్త్రీని మరల రోకలి ఎత్తుకొమ్మని చెప్పుటకు ఏ శాసనమునకును నోరు రాదు. ఆ చట్టము 1997లో రద్దయినది.

బెరిబెరి మాత్రము మన జిల్లాలలో క్రమముగా అరుదైనది. రోకలి తిరిగివచ్చి కాదు. పప్పు, కూరలు, పాలు, మాంసము కొంత ఎక్కువమందికి అందుటయు, వైద్యము పల్లెకు చేరుటయు, గర్భిణులకు, బాలెంతలకు విటమిను మాత్రలు దొరకుటయు ఇందుకు తోడ్పడినవని చెప్పవచ్చును. అన్నముతోబాటు విస్తరిలో ఏమి పడుచున్నదన్నది గింజ రంగుతో సమానమైన ప్రశ్న.

ఈ మాటకు తెలంగాణములోనే ఒక నిదర్శనము కలదు. కూనూరు పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1969లో జాతీయ పోషకాహార సంస్థ యనిపించుకొనెను. వచ్చిన క్రొత్తలో ఇక్కడి శాస్త్రజ్ఞులు పెల్లాగ్రా యను జబ్బును ఎక్కువగా చూచిరి. ఎండ తగులు చర్మము నల్లబడి పొలుసులు లేచుట, విరేచనములు, మతిచలించుట దాని లక్షణములు. అది వచ్చినది తెల్లబియ్యము తిన్నవారికి కాదు, కేవలము జొన్నమీద బ్రతికిన బీదలకు. జొన్నలోని లూసిన్ అను పదార్థము అధికమగుట ఒక కారణమని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించిరి. పాలు, పప్పు కలిసినచో అదే జొన్నరొట్టె నిరపాయము. ముడిధాన్యము మంచిదే, ముడిధాన్యము తప్ప మఱేమియు లేని పేదఱికము మంచిది కాదు.

అటుతరువాత కథ శీఘ్రముగా నడచినది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడుదలయ్యెను. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము కిలో రెండురూపాయల బియ్యము పథకము పెట్టెను. ఆకలి తీర్చుటలో దాని ఉపకారమును తక్కువ చేయరాదు. కాని జొన్న, రాగి, కొఱ్ఱ తిను పల్లెలకు తెల్లబియ్యము చవుకగా చేరుటతో ఆ పంటలు వెనుకబడినవి. ఒక తరములోనే పండుగనాటి అన్నము ప్రతిదినపు అన్నమైనది. తిరగలి మూలపడెను. ప్రయాణపు మూటయు మారెను. జొన్నరొట్టె స్థానమున బిస్కట్టుపొట్లము, పేలపిండి స్థానమున రైలులో అమ్ము వేపుడు పొట్లములు వచ్చినవి. ఇంటివారు కలసి వండి, కలసి మూటగట్టిన భోజనము తగ్గినకొలది, ప్రయాణములో పదిమంది పంచుకొను చద్దియు తగ్గినది. చద్దిమూట విప్పినవాడు ప్రక్కవానిని పిలువక తినుట అమర్యాద. పొట్లము చింపినవానికి ఆ నియమము లేదు.

2021లో బియ్యమునకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి-12 విటమిను చేర్చి చౌకదుకాణముల ద్వారా ఇచ్చుటకు కేంద్రప్రభుత్వము నిర్ణయము ప్రకటించెను. తవుడుతోబాటు గింజనుండి తీసివేసినదానిలో కొంత, ఇంకొకటి రెండు కలిపి, మరల గింజకు అంటించు పని యిది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా పాటించెను. నగరములలో ఇప్పుడు దంపుడుబియ్యము, కొఱ్ఱలు, అండుకొఱ్ఱలు సామాన్యముగా సన్నబియ్యముకంటె ఎక్కువ ధరకు అమ్ముడుపోవుచున్నవి. ఒకనాటి బీదతనపు గుర్తు నేడు కలిగినవారి గుర్తయినది. వీనిని కొనువారిలో మధుమేహము వచ్చిన పెద్దలు కలరు. వారిని చూచి భయపడిన పిల్లలును కలరు. ఇంటిలో ఒకరికొఱకు వేఱుగా వండుట మొదలై, కొన్నాళ్ళకు అందఱు అదే తినుచున్న ఇండ్లు మేము చూచినాము. నానబెట్టుట ముందురోజు రాత్రియే జ్ఞాపకముంచుకొనవలెను, పొయ్యికడ ఎక్కువసేపుండవలెను, నమలుట ఎక్కువ కావున భోజనమునకు తీరిక కావలెను. ప్రయాణమునకు ముందు సున్నియుండలు, పేలపిండి, జొన్నరొట్టెలు చేయుటకు ఒక పూట కేటాయించుకొనవలెను. ఈసారి ఆ పని ఆడువారొక్కరి తలపైననే పడుచున్నదా, మగవారును చెయ్యి కలుపుచున్నారా అనునది ఇంటింటికి వేఱు.

అంగడినుండి ఐదుకిలోల ముడిబియ్యము తెచ్చి రెండునెలలు డబ్బాలో నుంచినవారు పురుగు పట్టినదనియు, వాసన వచ్చుచున్నదనియు దుకాణదారునిపై కోపించుచుందురు. ఆతని తప్పేమియు లేదు. ఆ బియ్యమునకు గాదె కావలెను, గాదెలో వడ్లు కావలెను, పదిదినములకొకసారి రోకలి కావలెను. అవి లేని ఇంటివారు రెండువారములకు సరిపడునంత మాత్రమే కొని, మిగిలినదానిని చల్లని పెట్టెలో పెట్టుకొనుచున్నారు.